సూటిదూరమూ, ప్రయాణకాలమూ

గుంటూరు నుంచి ఒంగోలుకు ఎంత దూరమని అడిగితే బస్సు కండక్టరు చెప్పే జవాబు వేరు, పటం చెప్పే జవాబు వేరు. రోడ్డు చిలకలూరిపేట మీదుగా వంపులు తిరిగి పోతుంది. సరళరేఖకు ఆ వంపులతో పనిలేదు. ఆ సూటిదూరాన్ని తరగతిలో నల్లబల్ల మీదనే లెక్కకట్టవచ్చు.

గుంటూరు సుమారు 16.30 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.44 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఒంగోలుకు ఈ అంకెలు 15.50, 80.05. అక్షాంశాల తేడా 0.80 డిగ్రీ. అక్షాంశ డిగ్రీ ఒక్కంటికి సుమారు 111 కిలోమీటర్లు కనుక, ఉత్తర దక్షిణాల దూరం 89 కిలోమీటర్లు. రేఖాంశాల సంగతి అట్లా కాదు. అవి ధ్రువాల వద్ద కలుసుకొంటాయి కాబట్టి భూమధ్యరేఖకు దూరమైనకొద్దీ వాటి నడిమి ఎడం తగ్గుతుంది. ఈ ప్రాంతంలో డిగ్రీకి 107 కిలోమీటర్లే. తేడా 0.39 డిగ్రీ, అంటే 42 కిలోమీటర్లు. ఈ రెండూ లంబకోణ త్రిభుజపు భుజాలు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం సుమారు 98 కిలోమీటర్లు. భూమి గుండ్రన కదా అని విద్యార్థి అడగవచ్చు, అడగాలి కూడా. ఇంత కొద్ది దూరంలో ఆ గుండ్రదనం వల్ల వచ్చే తేడా లెక్కలోనికి రాదు.

దూరం తెలిస్తే కాలం తెలిసినట్లేనా? గన్నవరం నుంచి శంషాబాదుకు సూటిదూరం సుమారు 265 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానానికి 32 నిమిషాలు చాలాలి. కాలపట్టికలో మాత్రం దాదాపు గంట ఉంటుంది. నిలిచిన చోటి నుంచి కదిలినది మొదలు, అక్కడ తిరిగి ఆగేవరకూ ప్రయాణకాలమే. నేలమీద మెల్లగా నడవాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. గాలికి ఎదురుగా దిగడానికి చుట్టు తిరగవలసి రావచ్చు.

గుంటూరు వారికి మరొక చిక్కు ఉన్నది. హైదరాబాదు వాయవ్యంగా 240 కిలోమీటర్లే. విమానం ఎక్కాలంటే ముందు ఈశాన్యంగా గన్నవరం పోవాలి. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడవదానికంటె ఎక్కువ అన్న పాఠం ఇక్కడ కాళ్ళకు తగులుతుంది. గన్నవరానికి గంటంబావు, అక్కడ వేచి ఉండడానికి అంతే, విమానంలో గంట, శంషాబాదు నుంచి నగరానికి మరొక గంట. మొత్తం నాలుగున్నర గంటలు. కారులో సుమారు ఐదు గంటలు. రోగిని హైదరాబాదు ఆస్పత్రికి చేర్చవలసిన కుటుంబానికి ఇది మార్కుల కోసం చేసే లెక్క కాదు.

ఒంగోలు దారిలో కోరిసపాడు వద్ద జాతీయ రహదారి మీదనే అత్యవసరపు రన్‌వే ఉన్నది. 2022 డిసెంబరులో వైమానిక దళం అక్కడ తొలి పరీక్ష జరిపింది. అది ప్రయాణికులకు కాదనుకోండి.

ఢిల్లీకి పోయేవారి లెక్క వేరు. గన్నవరం నుంచి సూటిదూరం దాదాపు 1,390 కిలోమీటర్లు. నేలమీద వృథా అయ్యే మూడున్నర గంటలు అప్పుడూ అవే. అయితే రైలులో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. దూరం పెరిగినా ఆ వృథా పెరగదు కనుకనే విమానం అక్కడ గెలుస్తుంది.