మేజోళ్ల నల్లు చేతియంత్రము

మేజోళ్లు నేడు మన పల్లెలకును క్రొత్తవి కావు. బడిపిల్లలు తొడుగుదురు, చలికి వృద్ధులు తొడుగుదురు. కాని యొక మేజోటిని చేతబట్టుకొని, ఇది యెట్లు పుట్టినదని విచారించిన వారరుదు. పిక్కయొద్ద గొట్టమువలె నారంభమై, మడమకడ వంగి, అరికాలి వెంబడి సాగి వ్రేళ్లకడ ముగియు నీ వస్త్రమునకు ప్రక్కకుట్టు లేదు, కత్తెర తాకిన గురుతు లేదు. గుడ్డ తనంతట తానే వంగినట్లుండును. ఆ వంపు రహస్యమును నేను ఇంగ్లాండునందలి లెస్టరు నగరమున, మా కుమారుని యింట కొన్ని నెలలున్నపుడు తెలిసికొంటిని. మేజోళ్ల పరిశ్రమకు శతాబ్దములుగా పేరుపడిన యూరది. పొరుగింట ఎనుబదేండ్లు దాటిన యొక యవ్వ తన తల్లినాటి చేతియంత్రమును బల్లకు బిగించి నాకు విద్య చెప్పినది.

ముందుగా నేతకును అల్లికకును గల భేదము చెప్పవలెను. నేతయందు పడుగు వేఱు, పేక వేఱు. రెండును ఒండొంటిని దాటుచు పోవును. అల్లికయందు పోగొక్కటే. ఆ పోగే యుచ్చుగా మారి, ఆ యుచ్చులోనుండి మఱియొక యుచ్చు వెడలి, దానిలోనుండి వేఱొకటి వెడలి వస్త్రమగును. అందుచేతనే అల్లిన గుడ్డ సాగును, మరల ముడుచుకొనును. పాదమునకు పట్టినట్లు కూర్చుండును. నేసిన గుడ్డకు ఈ గుణము లేదు.

ఈ పనికి తొలిసారి యంత్రమును కల్పించినవాడు విలియం లీ యను క్రైస్తవ పురోహితుడు. నాటింగ్‌హామ్ మండలమున కాల్వర్టను గ్రామమువాడు. కాలము 1589. ఎలిజబెత్తు రాణి యాతనికి హక్కుపత్రము నీయలేదు; చేత నల్లి బ్రదుకు బీదల కూడు పోవునని యామె శంకించెనని చెప్పుదురు. లీ ఫ్రాన్సుదేశమునకు పోయి, అచ్చటను భాగ్యము కలిసిరాక మరణించెను. అతని యంత్రము మాత్రము బ్రదికి, వేలకొలది కుటుంబములకు వృత్తి యయ్యెను. తరువాత 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు పనివారు రాత్రులందు గుంపులుగా పోయి కొన్ని మగ్గములను విఱుగగొట్టిరి. యంత్రమనిన ద్వేషముచేత నిట్లు చేసిరని పలువురు వ్రాయుదురు. నాకది సరిగా తోచదు. వారును యంత్రముపై పనిచేయువారే. వారి కోపము కూలి తగ్గించుటమీదను, వెడల్పు గుడ్డ నల్లి కత్తిరించి కుట్టిన చౌక మేజోళ్లమీదను. అవి కుట్టుకడ విడిపోయి, మంచి సరకునకు కూడ చెడ్డపేరు తెచ్చెను. 1812లో మగ్గము విఱిచినవానికి మరణదండనమని శాసనము చేసిరి. ప్రభువుల సభలో బైరను కవి దానిని ఎదిర్చి మాటలాడెను గాని అది నిలువలేదు.

ఇక చేతియంత్రము. లీ చేసినది చదునైన గుడ్డ నల్లునది. గుండ్రముగా నల్లు చిన్న యంత్రము ఇంటింటికి రావలెననిన సూది మాఱవలసి వచ్చెను. ఆ సూదిని 1840వ దశాబ్ది తుదిలో లెస్టరువాడే యగు మాథ్యూ టౌన్‌సెండు కనిపెట్టెను. దాని కొనను చిన్న కొంకి యుండును. కొంకి క్రింద కీలుపై ఆడు నొక నాలుక యుండును. నాలుక పైకి లేచినచో కొంకి నోరు మూయబడును, క్రిందికి వ్రాలినచో తెఱవబడును. ఇంతియే. ఈ చిన్న నాలుక లేనిచో ఈ యంత్రమే లేదు.

యంత్రము చూచుటకు నీళ్లచెంబంత యుండును. నడుమ సుమారు 4½ అంగుళముల వెడల్పుగల యినుప గొట్టము. దాని చుట్టును నిలువుగాళ్లు. ఒక్కొక్క గాడిలో నొక్కొక్క సూది. సన్నని నూలునకు 72 సూదులు, కొంత ముదుక నూలునకు 60 లేక 54. సూదులు తిరుగవు. వాని వెలుపల నొక కవచము గానుగ చుట్టును ఎద్దు తిరిగినట్లు తిరుగును. దాని లోపలి యేటవాలు గాడి తన దగ్గఱకు వచ్చిన సూదిని పైకెత్తి క్రిందికి దింపును. చేతిపిడి త్రిప్పునపుడు సూదులు వరుసగా లేచి పడుట చెఱువునీటిపై అల పోయినట్లుండును. సూది లేచునపుడు దాని మెడనున్న పాతయుచ్చు నాలుకను వ్రాల్చి దాని క్రిందికి జాఱును. అంతలో పోగు కొంకిలో పడును. సూది దిగునపుడు ఆ పాతయుచ్చే నాలుకను పైకి నెట్టి నోరు మూసి, కొంకిమీదుగా జాఱిపోవును. క్రొత్తపోగు దానిగుండ లాగబడి క్రొత్తయుచ్చగును. సూది యెంత లోతునకు దిగునో యుచ్చంత పెద్దదగును; దీనిని సవరించుటకు మరయొకటి కలదు.

ఆ యవ్వ మొదటి మూడు దినములు నాకు ఊలు నీయలేదు. ఉత్త యంత్రమునే త్రిప్పుమనినది. ఓనమాలు దిద్దించిన నాకు ఆ పద్ధతి నచ్చినది. చేయి ఒక్క వేగమున తిరుగవలెను. కన్ను పిడిమీద గాక పోగు పడుచోట నుండవలెను. చెవి శబ్దముమీద నుండవలెను. నాలుక మూసికొనియున్న సూదికి పోగు చిక్కదు. ఒక యుచ్చు జాఱినచో వరుసవెంట నిచ్చెనవలె క్రిందికి విడిపోవుచు పోవును. అల్లిన గుడ్డకు క్రింద బరువు వ్రేలాడదీయవలెను. లేనిచో పాతయుచ్చు సూదినుండి దిగదు. ఊలుండ బిగిగా చుట్టినను పని చెడును.

గొట్టము నల్లుట యొక వారములో వచ్చును. మడమయే పరీక్ష. 60 సూదుల యంత్రమైనచో వెనుకనున్న 30 సూదులను పైకెత్తి పనినుండి తప్పింపవలెను. అప్పుడు పిడిని చుట్టును గాక, విసనకఱ్ఱవలె ముందునకు వెనుకకు ఆడింపవలెను. వదులైన పోగును పైనున్న కమాను తీగ లాగి పట్టుకొనును. ప్రతి మలుపునను అంచుననున్న సూది నొకదానిని పైకెత్తుచు పోయినచో 20 మలుపులకు నడుమ 10 సూదులు మిగులును. తరువాత మలుపున కొక్కటిగా వానిని మరల దింపుచు రావలెను. లెక్క చూడుడు: నడిమి సూదులు 40 వరుసలల్లినవి, అంచు సూదులు కొన్నింటినే, వెనుకవి యొక్కటియు నల్లలేదు. ఒక ప్రక్క పెరిగి వేఱొక ప్రక్క పెరుగని గుడ్డ వంగక యేమి చేయును? ఆ పొంగే మడమ గూడు. కుమ్మరి కుండకు పొట్ట తీసినట్లు. పిదప వెనుక సూదులను దింపి అరికాలును మీగాలును కలిపి గుండ్రముగా నల్లుదురు. వ్రేళ్లకొనయు మడమవంటిదే, కడపటి యతుకును మాత్రము చేతిసూదితో ఉచ్చునకుచ్చు కలిపి మూయవలెను.

1914లో ఆరంభమైన మహాయుద్ధమున ఈ యంత్రములకు గొప్ప గిరాకి వచ్చెను. చలినీటి కందకములలో దినములతరబడి నిలిచిన సైనికుల పాదములు మొద్దుబాఱి కుళ్లుచుండెను. దానికి మందుకంటె పొడి మేజోడే మేలు. రెడ్‌క్రాసు సంఘముల స్త్రీలు ఇండ్లలో కూర్చుండి అల్లి పంపిరి. యుద్ధానంతరము, 1920వ దశాబ్దిలో, ఇంటనే సంపాదింపుడని అమెరికా పత్రికలలో ప్రకటనలు వెలసెను. యంత్రము కొనుడు, మీరల్లిన సరకు మేమే కొందుమనుట అమ్మకందార్ల మాట. వితంతువులు, కాలు చేయి ఆడనివారు ఆశపడి కొనిరి. ధర ముందే చెల్లవలెను. సరకు నియమించిన కొలతకు రానిచో తిరిగి వచ్చుచుండెను. మడమ నేర్చుటకు నెలలు పట్టునని ప్రకటనలో నెవ్వరు వ్రాయుదురు? కొందఱు నేర్చి బ్రదికిరి. అనేకుల యంత్రములు అటకల కెక్కెను. మన యూళ్లకును యంత్రముతో కూడ ఇట్టి మాట తెచ్చువారు వత్తురు గనుక దీనిని కొంత విస్తరించితిని.

ఆ యటకలనుండి దింపిన వానినే నేడు ఇంగ్లాండు, అమెరికా, కెనడాలలో ఔత్సాహికులు తుప్పు తుడిచి, క్రొత్త సూదులు వేసికొని త్రిప్పుచున్నారు. మా యవ్వ తల్లి ఆ పిడిమీదనే నలుగురు బిడ్డలను పెంచినదట. నా మొదటి మేజోటిని అవ్వ తిరగవేసి చూచి, మడమ లాగి చూచి, బాగున్నదనలేదు, బాగులేదనలేదు. వరుసలెన్ని యని యడిగి కాగితముపై వ్రాయించినది. రెండవ మేజోడు దానికి సరిగా జత కావలెను గదా.