అమ్మ పేరు పైకి చెప్పే పరుగు

బెల్లంకొండ వైపు మిరప కోతలు మొదలయ్యాయంటే ఏ ఆడమనిషీ ఒంట్లో బాగోలేదని ఇంట్లో కూర్చోదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, నొప్పి లేదు కదా, కోతలయ్యాక చూద్దాంలే అనుకుంటుంది. ఆ తర్వాత మొగుడికి చెప్పాలంటే సిగ్గు, ఎదిగిన కొడుక్కి చెప్పాలంటే మరీ సిగ్గు. తొలిదశలో ఆ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. ప్రాణాలు పోతున్నది అక్కడే.

అందుకే తల్లికొచ్చిన జబ్బు పేరు నలుగురిలో చెప్పి రోడ్డెక్కిన కొడుకులంటే నాకు గౌరవం. డాక్టర్ పి.రఘురామ్ తల్లి ఉషాలక్ష్మీ కుమారి స్వయంగా స్త్రీల వైద్యురాలు. ఆమెకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇంగ్లండులో సర్జన్‌గా ఉన్న కొడుకు 2007లో హైదరాబాదు వచ్చేసి, అమ్మ పేరుతోనే రొమ్ము వ్యాధుల కేంద్రమూ, ఫౌండేషనూ పెట్టారు. ఆ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఏటా జరిగే పింక్ రిబ్బన్ వాక్‌లో చికిత్స పూర్తయినవాళ్లు కూడా అందరితో కలిసి నడుస్తారు. అది మారథాన్ కాదు, నడకే. కానీ దాచుకునే జబ్బును వీధిలోకి తెచ్చింది.

క్యాన్సర్ పేరు చెప్పి విరాళాలు పోగుచేసే పరుగులకు దారి చూపినవాడు కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్. క్యాన్సర్ వల్ల కాలు పోతే, 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. తన దేశస్థుల్ని అతను అడిగింది తలా ఒక్క డాలరు.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. హైదరాబాదులో ఆగస్టులో జరిగే పరుగులో ఫ్లైఓవర్లెక్కేటప్పుడే కాళ్లు మొరాయిస్తాయి. అంత దూరం పరుగెత్తాలంటే నెలల తరబడి సాధన చేయాలి. బెల్లంకొండ దగ్గర పులిచింతల దారిలో ఎవరైనా తెల్లవారుజామున సాధన చేస్తుంటే, ఎవరి కోసమని ఊరు అడుగుతుంది. 'మా అమ్మ కోసం, రొమ్ము క్యాన్సర్' అని తడుముకోకుండా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

మిగతా సగం డబ్బు. గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. చికిత్స ఖర్చుకు ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) ఉంది. అయితే రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు పెట్టించుకోవాలి. నీరసించిన మనిషి బెల్లంకొండ నుంచి రోజూ బస్సులో ఎలా వెళ్లొస్తుంది? అక్కడే గది తీసుకుంటే అద్దె, తోడు వచ్చినవాళ్ల తిండి, ఇద్దరి కూలీ నష్టం. చాలామంది మధ్యలో మానేసేది ఈ లెక్కకు భయపడే. పరుగులో పోగైన విరాళం ముందుగా చేరాల్సింది ఇక్కడికి.

ఆ తర్వాత ఆరోగ్య కార్యకర్తల శిక్షణకు. మూడు వేళ్ల మెత్తని భాగంతో రొమ్మునూ, చంకనూ గుండ్రంగా తడుముతూ, ఒకసారి పైపైన, మరోసారి కాస్త నొక్కి, ఇంకోసారి గట్టిగా నొక్కి చూడటం నేర్పాలి. దానికి యంత్రం అక్కర్లేదు. చాటుగా ఒక గది, ఓపికగా మాట్లాడే ఒక ఆడమనిషి ఉంటే, కోతలకు ముందే ఆ పని ఊళ్లోనే అయిపోతుంది.