తేటనీటి చేటు

చంద్రపూరు పట్టణమున కనతిదూరముననున్న దుర్గాపూరు బొగ్గుగనులకును, మహావిద్యుత్కేంద్రమునకును ప్రసిద్ధము. ఆ కేంద్రమునకు నీటి కొదవ కలుగకుండ ఇరై నదిపై జలాశయమే కలదు. యంత్రముల దాహముపట్ల చూపిన శ్రద్ధను ఆ జిల్లాలోని మారుమూల పల్లెల దాహముపట్లను చూపుట న్యాయము. ఈ సీమ మనకు పరాయిది కాదు. ఇచ్చటి గనులలోను, బల్లార్పూరు ప్రాంతమునను తెలుగువారు పెక్కురు కలరు. సరిహద్దునందలి రాజురా తాలూకా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాకు చెందినదే.

ఈ జిల్లాయందు కొన్ని గ్రామముల భూగర్భజలములో ఫ్లోరైడు మితిమీరియున్నది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయము. మించిన నీటిని ఏండ్లతరబడి త్రావినచో బాలుర దంతములపై గోధుమవన్నె చారలు పడును; పెద్దల కీళ్లు బిగిసి నడుము వంగును. వంగిన యెముకను తిన్నజేయు ఔషధము లేదు.

ఇందొక విషాదము గలదు. కలరాకు వెఱచి చెరువునీటిని మాన్పించి, బోరునీరు శుద్ధమని గ్రామస్థునకు బోధించినది చదువుకొన్నవారమగు మనమే. సూక్ష్మజీవులపట్ల ఆ మాట చాలవఱకు సత్యము. కాని రాతిపొరలలో చిరకాలము నిలిచిన నీరు ఫ్లోరైడును కరగించుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు. "నీరు కాచి త్రాగుడు" అను హితవును ఇచ్చట అక్కఱకు రాదు. కాచినకొలది నీరు ఆవిరియై, ఫ్లోరైడు మఱింత చిక్కబడును. కావున సగము తెలిపిన ఆరోగ్యబోధ ప్రమాదకరము.

తెలుగునాట ఈ వ్యాధి క్రొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతములం దిది యున్నట్లు 1937లోనే వైద్యశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నల్లగొండ పడిన బాధ జగద్విదితము. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరునందలి జాతీయ పరిశోధనసంస్థవారు కనుగొని దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అయితే నీటిని పరీక్షించి మోతాదు నిర్ణయించువారు లేనిచోట ఆ పద్ధతియు నిష్ఫలము. శాశ్వతమైన ఉపాయము నదీజలమును గొట్టములద్వారా తెచ్చుటయే. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ఉద్దేశమదియే.

గొట్టము చేరని పల్లెకు మొదట చేరవలసినది సమాచారము. 2019నాటి జలజీవన పథకము ప్రతిగ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని విధించినది. వారు చేసిన పరీక్షాఫలితము కార్యాలయపు దస్త్రములలో నుండిన లాభమేమి? మరాఠీ, గోండీ, తెలుగు భాషలలో, గ్రామస్థులకు తెలిసిన మాటలతో, ప్రతి బోరువద్దను అది వ్రాయబడవలెను. "ఇది త్రాగుటకు తగదు, స్నానమునకు వాడవచ్చును, త్రాగునీరు ఫలానాచోట గలదు" అని తెలుపవలెను. అక్షరము రానివారికి ఎఱ్ఱరంగు చాలును.

రాజధానియందలి తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు, న్యాయవాదులకు మా విన్నప మొక్కటే. ఈసారి స్వగ్రామమునకు బోయినపుడు, మీ ఊరి బోరునీటి పరీక్షాఫలితము చూపుడని పంచాయతీని అడుగుడు. ఫలితము లేదన్నచో పరీక్ష చేయించునంతవఱకు విడువకుడు.