మూలకణానికి ఏ తిండి మేలు? అపోహలు – వాస్తవాలు

కూచిపూడి చుట్టుపక్కల నారుమళ్లు ఎరిగినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. యూరియా ఎక్కువ పడితే నారు ముదురాకుపచ్చగా, ఏపుగా లేస్తుంది. నాటాక మాత్రం తల వాల్చేస్తుంది. ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడుల నుంచి తీసే మీసెంకైమల్ మూలకణాలను ల్యాబులో పెంచే పోషక ద్రవం, అంటే కల్చర్ మీడియం, ఎంచుకునేటప్పుడూ ఆ నారు గుర్తుండాలి.

అపోహ: గ్లూకోజ్ ఎంత ఎక్కువైతే కణానికి అంత బలం.

డీఎంఈఎం అనే మీడియం లీటరుకు 1 గ్రాము గ్లూకోజ్‌తో ఒకటి, 4.5 గ్రాములతో ఒకటి దొరుకుతుంది. షుగర్ పరీక్ష లెక్కలో చెప్పాలంటే మొదటిది 100, రెండోది 450. ఇంట్లో ఎవరికైనా 450 వస్తే ఆసుపత్రికి పరుగెత్తుతాం. అందుకే ఈ కణాలకు చాలామంది తక్కువ గ్లూకోజ్ డీఎంఈఎం గానీ, గ్లూకోజ్ 1 గ్రామే ఉండి విటమిన్లు ఎక్కువ రకాలున్న ఆల్ఫా ఎంఈఎం గానీ వాడతారు. ఈ సీసాలన్నిటిలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ల్యాబులో చేరిన ప్రతి తెలుగు విద్యార్థికీ ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

అపోహ: త్వరగా పెంచేదే మంచి మీడియం.

పెరగడం ఒక్కటే చాలదు. 2006లో అంతర్జాతీయ కణచికిత్స సంఘం పెట్టిన కొలబద్ద ప్రకారం ఈ కణాలు ప్లాస్టిక్‌కు అంటుకోవాలి, సీడీ73, సీడీ90, సీడీ105 గుర్తులు చూపాలి, ఎముకగా, కొవ్వుగా, మృదులాస్థిగా మారగలగాలి. మీడియం మార్చిన ప్రతిసారీ ఇవన్నీ మళ్లీ చూసుకోవాలి.

అపోహ: రంగు మారితే మీడియం చెడిపోయినట్టే.

అందులోని ఫినాల్ రెడ్ ఆమ్లం పెరిగితే పసుపు తిరుగుతుంది. కణాలు బాగా తిన్నా అంతే. పసుపుతోపాటు ద్రవం మసకబారితేనే బ్యాక్టీరియాను అనుమానించాలి.

అపోహ: దూడ పిండం సీరం లేనిదే కణాలు బతకవు.

మీడియంలో కలిపే ఈ సీరాన్ని వదిలించుకోవడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఆ కణాలు చివరికి మనిషి ఒంట్లోకి వెళ్లేవి. గడువు దాటిన ప్లేట్‌లెట్లను అతిశీతలంలో గడ్డకట్టించి, కరిగించి తీసిన ద్రవం ఈ కణాలను చాలాసార్లు సీరం కంటే వేగంగా పెంచుతుంది. మీడియంలో అది రక్తంలా పేరుకోకుండా సాధారణంగా హెపారిన్ కలపాలి. ఆ హెపారిన్ మామూలుగా పంది పేగుల నుంచి వచ్చిందే. కాబట్టి సీసా మీద ఏం రాసున్నా, జంతు పదార్థం లేదని నమ్మేముందు అడిగి తెలుసుకోవాలి.

జంతు సీరం లేకుండా కణాలు పెంచడానికి మన దగ్గరే ఒక దారి చూపారు. తాంబూలం సున్నం కంట్లో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతాయి. అవి మీసెంకైమల్ కణాలు కావు గానీ పెంచడంలో సీరం సమస్య ఒకటే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాటిని రోగి సొంత రక్తపు సీరంతో, ప్రసవంలో వచ్చే ఉమ్మనీటి పొర మీద పెంచి అమర్చింది. 200 మంది ఫలితాలను 2011లో ప్రచురించింది.  2012లో ప్రచురించిన పద్ధతిలో ఆ సంస్థ వైద్యులే ఇంకో అడుగు వేశారు. బాగున్న కంటి నుంచి తీసిన చిన్న ముక్కను ఇంకా చిన్న ముక్కలుగా కోసి, దెబ్బతిన్న కంటికి అతికించిన ఉమ్మనీటి పొర మీదే పరిచారు. అక్కడ మీడియం సీసాతో పనే లేదు. కన్నే కణాలను పెంచుకుంది.