ఆశ్చర్యార్థకం వెనుక యంత్రాంగం: విమ్ ఎడిటర్ కథ

పాఠ్యాన్ని రాసి దిద్దే సాధనమైన టెక్స్ట్ ఎడిటర్, తాను చేయలేని పనిని మరో ప్రోగ్రాము చేత చేయించుకోవడం యునిక్స్‌లో తొలినాళ్ల నుంచీ ఉన్న సౌకర్యం. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ‘ఎడ్’లోనూ, 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ ప్రారంభించిన ‘వీఐ’లోనూ ఆశ్చర్యార్థక చిహ్నం పక్కన ఆదేశం రాస్తే, అది ఆదేశాలను చదివి ప్రోగ్రాములను నడిపించే షెల్‌కు చేరుతుంది. ఎడిటర్‌ను మరో వ్యవస్థకు మార్చేటప్పుడు, అంటే పోర్ట్ చేసేటప్పుడు, ఎక్కువ శ్రమ కోరే భాగాల్లో ఇదొకటి. అక్షరాలను దిద్దడం ఎడిటర్ పనే అయినా, కొత్త ప్రోగ్రామును పుట్టించే అధికారం ఆపరేటింగ్ సిస్టమ్‌దే.

నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1988లో అమిగా కంప్యూటర్ కోసం, వీఐని అనుకరించే ‘స్టీవీ’ ఆధారంగా మొదలుపెట్టిన విమ్, 1991లో విడుదలై 1992లో యునిక్స్‌కు చేరింది. అమిగాలో ప్రోగ్రాములన్నీ ఒకే మెమరీని పంచుకుంటాయి గనుక, నడుస్తున్న ప్రోగ్రాముకు నకలు తీసే ‘ఫోర్క్’ అక్కడ లేదు. యునిక్స్, లైనక్స్‌లలో మాత్రం ఎడిటర్ ముందు ఫోర్క్‌తో తన నకలును, అంటే పిల్ల ప్రాసెస్‌ను, సృష్టించి, ‘ఎగ్జెక్’తో ఆ నకలు స్థానంలో షెల్‌ను నిలిపి, ‘వెయిట్’తో అది ముగిసేదాకా వేచి ఉంటుంది. అందుకే విమ్‌లో ఈ భాగం ఒక్కో వ్యవస్థకు ఒక్కో ఫైలులో ఉంటుంది.

పిల్ల ప్రాసెస్‌ను పుట్టించడంతో పని తీరదు. మనం నొక్కిన ప్రతి మీటనూ తక్షణమే అందుకునే స్థితిలో ఎడిటర్ టెర్మినల్‌ను ఉంచుకుంటుంది కాబట్టి, ఆదేశానికి ముందు దాన్ని మామూలు స్థితికి తెచ్చి, తరువాత తిరిగి మార్చాలి. కంట్రోల్-సీ నొక్కితే వెళ్లే సిగ్నల్‌తో ఆదేశం ఆగాలి గాని ఎడిటర్ ఆగకూడదు. పైగా విస్మరించమని చెప్పిన సిగ్నళ్లు ఎగ్జెక్ తరువాత కూడా విస్మరించినవిగానే మిగులుతాయి గనుక, పిల్ల ప్రాసెస్ వాటిని ముందే పూర్వస్థితికి తేకపోతే ఆదేశాన్ని ఆపడం కుదరదు. షెల్ అసలు మొదలు కాలేదని తెలపడానికి విమ్ 122 అనే ముగింపు సంఖ్యను వాడుతుంది. 127ను కొన్ని షెల్‌లు అప్పటికే వాడుకుంటున్నందున దాన్ని విడిచిపెట్టింది.

అన్నిటికన్నా మోసకారి దోషం పైపులది. ఒక ప్రాసెస్ రాసినది మరొకటి చదివేలా ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ ఏర్పరిచే ఈ మార్గం లైనక్స్‌లో సాధారణంగా 64 కిలోబైట్లు పట్టి, నిండితే రాసేవారిని నిలిపివేస్తుంది. ఎడిటర్ పాఠ్యమంతా రాశాకే ఫలితం చదవాలనుకుంటే, చదువుతూనే ఫలితం వెలువరించే ‘టీఆర్’ వంటి వడపోత ప్రోగ్రాము తన పైపు నిండి ఆగిపోతుంది, దానితో ఎడిటర్ పైపు కూడా నిండి ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ స్తంభిస్తారు. ఇన్‌పుట్ అంతా అందాకే ఫలితమిచ్చే ‘సార్ట్’తోనో, చిన్న ఫైలుతోనో పరీక్షిస్తే ఈ దోషం బయటపడదు. పైపు మార్గంలో విమ్ దీన్ని తప్పించుకోవడానికి, రాయడం కోసమే మరో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. మామూలుగా మాత్రం పైపులకు బదులు తాత్కాలిక ఫైళ్లనే వాడుతుంది.

ఇటువంటి దోషాలను వెదకడానికి, ప్రోగ్రాము కెర్నెల్‌కు చేసే ప్రతి అభ్యర్థననూ నమోదు చేసే ‘ఎస్‌ట్రేస్’ను పిల్ల ప్రాసెస్‌లనూ వెంబడించమని చెప్పి నడిపితే, ఎవరు ఏ పైపు దగ్గర ఆగారో తెలుస్తుంది. 2016లో వెలువడిన విమ్ 8.0, ఆదేశం నడుస్తుండగానే దిద్దుబాటు కొనసాగించే వీలు కల్పించింది గాని, పైపులను సకాలంలో ఖాళీ చేయడం, ముగిసిన ప్రాసెస్‌లను లెక్క చూసుకోవడం అనే బాధ్యతలు తొలగలేదు. అందువల్ల కొత్త వ్యవస్థలో కోడ్ కంపైల్ అయిందన్నది పోర్టింగ్‌కు తొలి మెట్టు మాత్రమే. పెద్ద ఫైలు, మధ్యలో ఆపిన ఆదేశం, మొదలు కాని షెల్ అనే మూడు పరీక్షలనూ నెగ్గాకే ఆ పని పూర్తయినట్టు.