రాత్రి ఏడ్చే బిడ్డను ఎత్తుకోవాలా, ఏడవనివ్వాలా?

ఏడవనిదే అమ్మయినా పాలివ్వదని మన పెద్దల మాట. ఏడిస్తే అమ్మ లేస్తుందన్న నమ్మకం అందులోనే ఉంది. అయితే ఈమధ్య మా పిల్లల విభాగానికి వచ్చే కొందరు తల్లులు, రాత్రిపూట బిడ్డ ఏడ్చినా ఎత్తుకోకుండా ఉంటే తనే నిద్రపోవడం నేర్చుకుంటుందట, నిజమేనా అని అడుగుతున్నారు.

ఈ మాట మన ప్రాంతానికి ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియాలలో ఉన్న మన పిల్లల దగ్గరనుండి వచ్చింది. విజయవాడ, గుడివాడ, ఉయ్యూరు వైపు ఎందరో అమ్మమ్మలు, నాయనమ్మలు కూతుళ్ళ, కోడళ్ళ పురుళ్ళకు విమానమెక్కి వెళ్ళివస్తున్నారు. అలా వెళ్ళివచ్చిన ఒక అమ్మమ్మగారు బి.పి. చూపించుకోవడానికి వచ్చి తన బాధ చెప్పుకున్నారు. ఎనిమిది నెలల మనవడు పక్కగదిలో ఏడుస్తుంటే, కూతురు తలుపు బయట గడియారం చూస్తూ నిలబడేదట. ఈమె లోపలికి వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపేదట. నాలుగు రోజులు తల్లీకూతుళ్ళకు మాటలు లేవు. అయిదో రాత్రి పిల్లవాడు ఏడవకుండా నిద్రపోయాడు. వాడు నేర్చుకున్నాడని కూతురు అంటుంది, ఆశ వదులుకున్నాడని తల్లి అంటుంది. ఎవరిది నిజమో చెప్పమని ఆమె మమ్మల్ని అడిగారు.

ఈ పద్ధతి ఎక్కడిది?

1894లో అమెరికా వైద్యుడు ఎమెట్ హోల్ట్ తల్లుల కోసం రాసిన పుస్తకంలో, ఏ బాధా లేకుండా ఏడ్చే బిడ్డను ఏడ్చి ఊరుకోనివ్వమన్నారు. 1985లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ దానిని కొంత మెత్తబరిచారు. బిడ్డ మెలకువగా ఉండగానే పడుకోబెట్టి బయటికి రావాలి. ఏడిస్తే కొద్ది నిమిషాలు ఆగి, లోపలికి వెళ్ళి, ఎత్తుకోకుండా మాటతో ఊరడించి రావాలి. ఆగే సమయం కొంచెం కొంచెంగా పెంచాలి. దీనినే కంట్రోల్డ్ క్రయింగ్ అంటున్నారు. ప్రతి నిద్ర సమస్యకూ ఇదే మందు కాదని ఫెర్బర్ కూడా చెప్పారు.

అక్కడి తల్లుల అవసరాన్నీ అర్థం చేసుకోవాలి. అమెరికాలో దేశమంతటికీ వర్తించే 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు. మన చట్టం 2017 నుండి, దాని కిందికి వచ్చే సంస్థల్లో పనిచేసే తల్లులకు మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాల జీతంతో సెలవు ఇస్తోంది. అయితే నాట్లకు, కోతలకు వెళ్ళే మన తల్లికి ఏ సెలవూ లేదు. ఆమెకూ రాత్రి నిద్ర కావాలి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, ఏడు నెలల వయసులో నిద్ర సమస్య ఉన్న 326 మంది పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది. కొందరి తల్లులకు ఇటువంటి పద్ధతులు నేర్పారు, కొందరికి నేర్పలేదు. పిల్లలకు రెండేళ్ళు వచ్చేసరికి, నేర్చుకున్న తల్లులలో దిగులు లక్షణాలు తక్కువగా ఉన్నాయి. ఆరేళ్ళ వయసులో చూసిన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. మనసులోగానీ, నడవడికలోగానీ, తల్లితో అనుబంధంలోగానీ పిల్లల మధ్య తేడా కనబడలేదు. అంటే పిల్లలకు హానీ లేదు, శాశ్వతమైన లాభమూ లేదు.

అదే 2012లో న్యూజిలాండ్‌లో 25 మంది పిల్లలను గమనించినప్పుడు, మూడో రోజుకు ఏడుపు ఆగినా, ఒత్తిడిని తెలిపే కార్టిసాల్ అనే హార్మోన్ వారి ఒంట్లో తగ్గలేదు. ఇది చాలా చిన్న అధ్యయనం. పోల్చి చూడడానికి వేరే పిల్లలు కూడా లేరు. దీనితోనే తీర్పు చెప్పలేము.

2010లో వెలువడిన మరొక సర్వేలో మన దేశంతో సహా 17 దేశాల పిల్లల నిద్రను పరిశీలించారు. న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి 7.27కు పడుకుంటే, హాంకాంగ్ పిల్లలు 10.17కు పడుకుంటున్నారు. ఆసియా దేశాలలో ఎక్కువమంది పిల్లలు తల్లిదండ్రుల గదిలోనే నిద్రపోతారు. కనుక మన బిడ్డ అమ్మ దగ్గర పడుకోవడం జబ్బు కాదు, చెడు అలవాటూ కాదు.

తల్లులు గమనించవలసినవి

మొదటి ఆరు నెలలలో బిడ్డ ఏడిస్తే పలకాలి. సుమారు ఆరో వారంలో ఏడుపు ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఏడిస్తే ఊపిరితిత్తులకు బలమన్నది నిజం కాదు. ఎత్తుకుంటే చంటిబిడ్డ చెడిపోదు. రాత్రి పాలు ఆ వయసులో అవసరం.

ఆరు నెలలు దాటాక, కావాలంటే మెల్లగా అలవాటు చేయవచ్చు. రోజూ ఒకే వేళకు టీవీ ఆపి, దీపం తగ్గించి, జోలపాట పాడి, కళ్ళు మూతలు పడుతుండగా పడుకోబెట్టండి. కాస్త మూలిగితే వెంటనే ఎత్తకుండా ఒక్క నిమిషం చూడండి. చాలాసార్లు మళ్ళీ నిద్రపోతుంది. ముందుగా ఉక్కపోత, దోమలు, తడిబట్ట, ఆకలి లేవని చూసుకోండి. మన వేసవిలో కరెంటు పోయినప్పుడు ఏడ్చే బిడ్డకు కావలసింది శిక్షణ కాదు, విసనకర్ర.

బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపుపై పడుకోబెట్టండి. మద్యం తాగినవారు, పొగ తాగేవారు పక్కలో పడుకోకూడదు. చీర ఉయ్యాలలో బిడ్డను రాత్రంతా ఒంటరిగా వదలవద్దు. నిద్ర కోసం నల్లమందు, దగ్గుమందు, జలుబు సిరప్ ఏదీ పట్టవద్దు. ఎంత విసుగు వచ్చినా బిడ్డను కుదపకండి. మెదడుకు ప్రమాదం. విసుగు ఆగకపోతే బిడ్డను క్షేమంగా పడుకోబెట్టి, రెండు నిమిషాలు బయటికి రండి.

మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం, పాలు తాగకపోవడం, ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, నడినెత్తి ఉబ్బడం, ఎగశ్వాస, ఫిట్స్, ఎన్నడూ లేనంత కీచుగొంతుతో ఏడవడం ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటిల్లిపాదికీ ఒక మాట

బాలింతను చూడవచ్చే బంధువులు, సంఘస్థులు నిద్రపోయే బిడ్డను లేపి ఎత్తుకునే బదులు, ఒక పూట వంట చేసి పెట్టి, తల్లిని రెండు గంటలు పడుకోనివ్వండి. రాత్రి ఒక జాము తండ్రి బిడ్డను భుజాన వేసుకుంటే ఆయన గౌరవానికేమీ లోటు రాదు. తల్లి రెండు వారాలకు పైగా దిగులుగా ఉన్నా, ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటున్నా దానిని గారాబమనుకోకుండా మా వద్దకు తీసుకురండి. తనకుగానీ బిడ్డకుగానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు.

ఆ అమ్మమ్మగారికి మేము ఇలా చెప్పాము. ఎనిమిది నెలల పిల్లవాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, పగలంతా ఆప్యాయతకు లోటులేదు. అటువంటి బిడ్డ ఆ నాలుగు రాత్రులతో పాడైపోడు. మీ అమ్మాయి కఠినురాలు కాదు, అలసిపోయిన మనిషి. అలాగని మీ మనసు కొట్టుకోవడమూ తప్పు కాదు. ఆమె మా ఎదుటే కూతురికి ఫోను చేశారు. తల్లి మొదట అడిగింది మనవడి నిద్ర గురించి కాదు. “నువ్వు నిద్రపోతున్నావా అమ్మా?” అని.