వీధిలో మన ఫోటో ఎవరైనా తీయవచ్చునా?

రైతు బజారులో వంకాయలు ఏరుకుంటూ ఉంటారు. తలెత్తి చూస్తే ఎదురుగా ఎవరో ఫోను ఎత్తిపట్టుకుని ఉంటాడు. మిమ్మల్ని తీశాడో, మీ వెనకాల గుమ్మడికాయల రాశిని తీశాడో తెలియదు. అడగడానికి మొహమాటం, ఊరుకోవడానికి భయం. "నన్ను అడక్కుండా తీసే హక్కు ఇతనికెక్కడిది?" అని మీలో చాలామందికి అనిపించే ఉంటుంది. ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

ముందుగా కాస్త రుచించని మాట. వీధిలో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. రోడ్డు, బజారు, పార్కు, తిరునాళ్ళు, ఇలాంటి చోట్ల నలుగురి కంటికీ కనిపించేది కెమెరాకీ కనిపిస్తుంది. హైదరాబాదు టాంక్‌బండ్ మీద 1986లో పెట్టిన విగ్రహాలున్నాయి చూడండి, అలా బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాలను ఎవరైనా ఫోటో తీసుకోవచ్చునని 1957 నాటి కాపీరైటు చట్టమే చెబుతుంది. వాటి పక్కనుంచి నడిచిపోయే మనమూ ఆ ఫోటోలో పడతాం. అంతమాత్రాన అది నేరం కాదు. రక్షణశాఖ వారి నిషిద్ధ స్థలాల సంగతి వేరు. తిరుమల ఆలయంలోకి కెమెరా తీసుకుపోనివ్వరు. సినిమా హాలయినా, పెద్ద దుకాణమైనా అక్కడి యజమాని పెట్టిన నియమమే నియమం.

నన్నడిగితే ఈ స్వేచ్ఛ ఉండవలసిందే అంటాను. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా తీసిన ఫోటోలు మొదట్లో ఆవిడ భర్త పేరుతో అచ్చయ్యేవట! కెమెరా పట్టిన ప్రతివారినీ దుర్మార్గుల కింద జమకడితే, రేపు మన అమ్మాయే కెమెరా భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళలేదు.

అయితే ఈ స్వేచ్ఛకి హద్దుంది. పుష్కరఘాటు బహిరంగ స్థలమే గాని, అక్కడ తడిచీర మార్చుకోవడానికి కట్టిన తడికల చాటు బహిరంగం కాదు. తననెవరూ చూడరన్న నమ్మకంతో స్త్రీ ఉన్నచోట ఆమెను అలాంటి స్థితిలో ఫోటో తీస్తే, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ళు జైలు, జరిమానా. మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ళు. తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన పదిమందికీ పంపడానికి ఒప్పుకున్నట్టు కాదని కూడా ఆ సెక్షనే అంటుంది. ఇక మెట్లకింద నక్కి బట్టల చాటున ఉన్నవి తీసే ప్రబుద్ధులున్నారే, అది నడిబజారులో జరిగినా సరే, ఐ.టి. చట్టం 66-ఇ కింద మూడేళ్ళ దాకా జైలు గాని, రెండు లక్షల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఈ తేడా కోర్టులు ఎలా చూస్తాయో ఒక కేసు చెబుతాను. కేరళలో ఇద్దరు కారులో వచ్చి, ఇంటి ముందున్న ఒకావిడను ఫోటోలు తీశారనీ, నిలదీస్తే వెకిలి సైగలు చేశారనీ ఫిర్యాదు. ఫోటో తీయడం మటుకు, పాత ఐ.పి.సి.లో 77కి సరిసమానమైన సెక్షను కిందికి రాదని 2024లో హైకోర్టు అంది. కాని సైగల మాట వదిలిపెట్టలేదు, అది వేరే నేరమే అంది.

కనుక ఫోటో ఒక్కటే కాదు, తీసినవాడి నడవడి కూడా గమనించండి. "నా ఫోటో వద్దు" అని నలుగురూ వినేలా అనండి. ఆ తరవాత కూడా మాట కలపాలని మళ్ళీ మళ్ళీ వెంటపడితే 78వ సెక్షను ఉండనే ఉంది. కోపంలో ఫోను లాక్కుని పగలగొట్టకండి, కేసు మన మీదికే తిరుగుతుంది. బలవంతాన చెరిపించవద్దు కూడా, చెరిపితే సాక్ష్యం పోతుంది. 112కి ఫోను చేయండి. ఏ పోలీసు స్టేషనైనా మీ ఫిర్యాదు తీసుకోవలసిందే, "మా పరిధి కాదు" అని పంపెయ్యడానికి లేదు.

మరొక సంగతి, స్టూడియోవాళ్ళది. పెళ్ళికూతురి ఫోటో అద్దాల షోకేసులో పెట్టేస్తారు, ఇప్పుడైతే ఇన్‌స్టాగ్రాంలోనూ పెడుతున్నారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు తీయించుకున్నవారిదే. ఆ "వేరే ఒప్పందం" బిల్లు వెనక సన్నని అక్షరాల్లో ఉండవచ్చు. అడ్వాన్సు చేతికిచ్చే ముందే అది చదివి, "మమ్మల్ని అడక్కుండా ఎక్కడా పెట్టరాదు" అని బిల్లు మీద రాయించి, సంతకం పెట్టించుకోండి.